నేను విప్పిన బండి

మా తెలుగు సంఘం వాళ్లు ఈ ఏడాది సావనీర్‌లో మా ఆవిడ కనకదుర్గ గురించి ఒక వ్యాసం వేస్తారట. రాసే పని నాకే అప్పగించారు. పుండు మీద కారం చల్లడమంటే ఇదే. ఆవిడ గురించి వాళ్లకు కావలసినంత మంచిగా రాయాలంటే నా కడుపుమంట దాచుకోవాలి. అది నా వల్ల అయ్యే పని కాదు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను, వేసుకుంటే వేసుకోండి, లేదంటే మానుకోండి.

నా పేరు కృష్ణమోహన్. డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో కార్ల సీట్లు చేసే కంపెనీలో ఇంజనీర్ని. సీటు వెనక్కి వాలుతుంది చూడండి, ఆ వాలే మర మీదే నా ఉద్యోగమంతా గడిచింది. మా స్నేహితుల్లో ఎక్కువమంది ఐటీ వాళ్లు. అందుకని ఎవరి బండి కాస్త కుయ్యిమన్నా నాకే ఫోన్ చేసేవాళ్లు. బ్రేకుల గురించి అడిగినా, ఆయిల్ గురించి అడిగినా నేను ఏదో ఒకటి గంభీరంగా చెప్పేవాణ్ణి. 'కార్ల మనిషి' అని నాకు పేరు. ఆ పేరంటే నాకు ప్రాణం.

ఆ పేరు నిలబెట్టుకోవడానికే 2007లో ఒక పాత బండి కొన్నాను. 1969 పాంటియాక్ జీటీవో. ఇక్కడ వీటిని మజిల్ కార్లంటారు. మామూలు ఒంట్లో మహా ఇంజన్ పెట్టి, ఎర్ర లైటు దగ్గర పక్క బండివాణ్ణి ఏడిపించడానికే చేసిన జాతి అది. మా వీధిలో ఒక ముసలాయన ఇల్లు అమ్ముకుని పోతూ, గ్యారేజీలో తుప్పు పట్టి పడున్న ఆ బండిని నాకిచ్చాడు. నడిచే స్థితిలో లేదు, ఇంకో బండి మీద ఎక్కించి తెచ్చుకున్నాం. ఆ ఆదివారం స్నేహితులందరినీ భోజనానికి పిలిచి, బానెట్ ఎత్తి ఉపన్యాసమిచ్చాను. రెండేళ్లలో దీన్ని కొత్త పెళ్లికూతుర్ని చేస్తానన్నాను. అందరూ నా పక్కన నిలబడి ఫోటోలు దిగారు.

ఆ ఎండాకాలమంతా విప్పాను. విప్పడంలో ఒక మజా ఉంది, ఎవరైనా ఒప్పుకోవలసిందే. చేతికి ఏది అందితే అది విప్పి అట్టపెట్టెల్లో వేశాను. ఈలోగా మంచు కురవడం మొదలైంది. మళ్లీ గ్యారేజీలోకి వెళ్లగలిగే రోజులొచ్చేసరికి ఏ బోల్టు ఎక్కడిదో నాకే తెలియలేదు. ఒక నీలం టార్పాలిన్ తెచ్చి కప్పేశాను. తర్వాత ఈ ఊళ్లో చాలామందికి పోయినట్టే నా ఉద్యోగమూ కొన్నాళ్లు పోయింది, ఇక బండి ఊసు ఎవరెత్తుతారు. కానీ ఫంక్షన్లలో ఎవరైనా అడిగితే మాత్రం "అవుతోంది, అవుతోంది" అనేవాణ్ణి.

ఇప్పుడు ఆవిడ సంగతికొస్తాను. కనకదుర్గది తెనాలి. బీకాం చదివింది. పెళ్లయ్యాక నా వీసా వెనక వచ్చింది కాబట్టి చాలా ఏళ్లు ఇక్కడ పని చేయడానికి అనుమతి లేదు. అమ్మాయి ప్రణవిని పెంచింది, వండింది, పెట్టింది. 2010లో గ్రీన్‌కార్డు వచ్చింది. ఆవిడ స్నేహితురాళ్లంతా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సులో చేరిపోతుంటే, ఈవిడ కమ్యూనిటీ కాలేజీ కోర్సుల పుస్తకం తెచ్చి నా ముందు పెట్టి, ఒక చోట వేలు ఆనించింది. కారు బాడీ పని, వెల్డింగ్. నేను నవ్విన నవ్వుకి కాఫీ ముక్కులోకి వచ్చింది. ఆవిడ మాత్రం నవ్వలేదు.

చేరిన కొన్నాళ్లకే నా టార్పాలిన్ తీసేసింది. నేను అట్టపెట్టెల్లో కలిపేసిన ఇనుమంతా పాత దుప్పటి మీద పోసి, బియ్యంలో రాళ్లేరినట్టు ఏరింది. ఖాళీ పచ్చడి సీసాలన్నీ కడిగి, ఒక్కో సీసాలో ఒక్కో చోటి బోల్టులు వేసి, పైన తెలుగులో కాగితాలు అంటించింది. 'ఎడమ తలుపు' అని ఒకటి, 'రేడియేటర్ ముందు' అని ఒకటి. 'ఎక్కడివో ఆయనకే తెలియాలి' అని కూడా ఒకటుంది. అది చదివి నాకు ఒళ్లు మండిపోయింది. ఆ సీసాలో ఏముందో నాకూ తెలియదు.

తుప్పు తిన్న బండి అడుగు రేకు కోసేసి కొత్త రేకు అతికించింది. వెల్డింగ్ ముసుగు వేసుకుని గ్యారేజీలో నిప్పురవ్వలు ఎగరేస్తుంటే, వీధిలో కుక్కను తిప్పుకునే వాళ్లు కూడా ఆగి చూసేవాళ్లు. సాయంత్రం సెనగపిండితో చేతుల గ్రీజు రుద్దుకుని వంటింట్లోకి వచ్చేది. అన్నం పెడుతూ పెడుతూ ఫోన్ మోగితే పరుగెత్తేది. అవతల రాన్ అని ఆవిడ మాస్టారు. "యెస్ రాన్, నో రాన్" అంటూ బ్రేకుల గురించి అరగంట. నాతో అరగంట మాట్లాడి ఎన్నాళ్లయిందో. వాడికి పులిహోర కూడా పట్టుకెళ్లింది. నేను ఉండబట్టలేక ఒకరోజు కాలేజీకి వెళ్లి చూశాను. రాన్‌కి మా నాన్న వయసుంటుంది, చెవికి మిషన్ పెట్టుకున్నాడు. అయినా నా కుళ్లు తగ్గలేదు. ప్రణవి ఫోన్‌లో "నాన్నా, యూ ఆర్ సో జెలస్, ఇట్స్ ఫన్నీ" అంది. దానికేం తెలుసు.

పాతదాన్ని పాతగానే ఉంచుతుందేమో, అప్పుడైనా ఒక వంక పెడదామని చూశాను. అదీ లేదు. పైకి చూస్తే 1969, లోపలంతా కొత్త. కార్బ్యురేటర్ తీసేసి ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టింది. ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు, పవర్ స్టీరింగ్, ఏసీ. పాత రేడియో మొహం అలాగే ఉంచి దాని వెనక బ్లూటూత్ దాచింది. గేర్లు మాత్రం చేత్తో వేసేవే ఉంచింది, అది పోతే ఈ బండికి అర్థం లేదంది. ఇక సీట్లు. నా బతుకంతా సీట్లే కదా, సీట్ల గురించైనా నన్ను అడగొద్దూ? అడిగింది లెండి. నేనే బిజీ అన్నాను. బతిమాలుతుందని చూశాను. బతిమాలలేదు, తనే చేసుకుంది. బాగా చేసింది, అదే నా ఏడుపు.

రంగు కాలేజీ పెయింట్ బూత్‌లో వేసుకొచ్చింది. అచ్చం కనకాంబరం పూల రంగు. 2014 జూన్‌లో పని పూర్తయింది. ఆఖరి బోల్టు బిగించాక లోపలికి వచ్చి, నా ఎదురుగా కూర్చుని చాలా మెల్లగా ఒక మాట అడిగింది. ఇన్నేళ్లలో ఆవిడ నన్ను నోరు తెరిచి అడిగినవి తక్కువే.

"ఏవండీ, సండే టెంపుల్‌లో వాహన పూజ చేయిద్దాం. నిమ్మకాయల మీద నుంచి బండి నేనే నడుపుతాను. అందరి ముందూ. అంతే నాకు."

సరేనన్నాను. అనక ఏంచేస్తాను.

ఆదివారం గుడి పార్కింగ్‌లో మావాళ్లందరూ ఉన్నారు. ఆవిడ కనకాంబరం బండిలో, నేను కొబ్బరికాయలు, పూలు వేసుకుని వెనక మినీవ్యాన్‌లో వెళ్లాం. నేను దిగేసరికే బండి చుట్టూ జనం. ఆవిడ బండి ఆపి, పసుపు కుంకుమ తేవడానికి లోపలికి వెళ్లిందేమో, వాళ్లకి కనబడింది నేనే. ఏడేళ్ల కిందట నా ఉపన్యాసం విన్నవాళ్లే అందరూ. ముందుగా మా తిరుపతయ్య వచ్చి వాటేసుకున్నాడు. కరీంనగర్ మనిషి, బ్యాంకులో ఐటీ పని చేస్తాడు, నన్ను అన్నా అంటాడు.

"అన్నా, మొత్తానికి చేసి చూపెట్టినవ్ పో."

కాదు, మీ వదిన చేసింది అనడానికి నోరు తెరిచాను. తెరిచిన నోటిని అలాగే నవ్వులోకి తిప్పేశాను. ఇంకొకరు చేయి కలిపారు. ఇంకొకరు ఫోటో అన్నారు. అబ్బ, ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఏళ్ల తరబడి ఎండిపోయిన ప్రాణం మీద నీళ్లు చల్లినట్టుంది. అలా నిలబడిపోయాను.

కనకదుర్గ పళ్లెంతో తిరిగొచ్చింది. పూజారిగారు నా గోత్రం, నా పేరు చదివి సంకల్పం చెప్పారు. బానెట్ మీద స్వస్తిక్ వేశారు, కొబ్బరికాయ కొట్టారు, నాలుగు చక్రాల ముందూ నిమ్మకాయలు పెట్టారు. పెట్టి, తాళాలు ఆవిడ చేతిలోంచి తీసుకుని నా చేతికిచ్చారు.

"యజమాని గారూ, ఎక్కండి, ముందుకి పోనివ్వండి."

ఆయన తప్పు లేదు. ఈ గుడిలో బండి ఎవరు కొన్నా మగవాడే ఎక్కుతాడు, ఆడవాళ్లు హారతి పళ్లెం పట్టుకుంటారు. ఆవిడ నా వంక చూసింది, నేను చెబుతానని. నేను వెళ్లి సీట్లో కూర్చున్నాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నాకు గేర్ల కారు నడపడం రాదు. ఊళ్లో నాకు స్కూటరే ఉండేది. కారు నేర్చుకున్నది ఈ దేశానికొచ్చాకే, అన్నీ ఆటోమేటిక్ బళ్లే. కార్ల మనిషినని తిరిగినవాణ్ణి ఎవరైనా ఎందుకు అడుగుతారు, నేనెందుకు చెబుతాను. స్కూటర్ క్లచ్ తెలిసినవాడికి ఇదెంత అనుకున్నాను. స్టార్ట్ చేశాను, గేరు వేశాను, కాలు ఎత్తాను. బండి ఒక్క గెంతు గెంతి చచ్చిపోయింది. నిమ్మకాయ ఒకటి పక్కకి దొర్లిపోయింది. పూజారిగారు ఒక్క దూకు వెనక్కి దూకారు. రెండోసారీ అంతే. ఎవరో కిసుక్కున నవ్వారు.

తిరుపతయ్య కిటికీలోంచి తొంగిచూసి, "ఏమైందన్నా బండికి?" అన్నాడు.

నోరు జారింది. "ఏం లేదు, క్లచ్ సరిగ్గా కుదరలేదు. చూడాలి" అన్నాను.

అని తలెత్తితే ఎదురుగా పళ్లెం పట్టుకుని కనకదుర్గ. మొహం ఎర్రబడలేదు, కళ్లలో నీళ్లూ లేవు. పెదాలు బిగించి నన్నే చూస్తోంది. ఆ చూపు నేను ఇదివరకు ఒక్కసారే చూశాను. నా ఉద్యోగం పోయిన ఏడాది, మా బంధువొకాయన ఇంట్లో విందుకి వెళితే, ఆయన అందరి ముందూ నన్ను చేతకానివాడన్నాడు. అప్పుడు ఈవిడ తింటున్న విస్తరి ముందునుంచి లేచి, ఆయన్ని ఇలాగే చూసి, నా చేయి పట్టుకుని బయటికి తీసుకొచ్చేసింది. ఆ ఇంటి గడప మళ్లీ తొక్కలేదు. ఆ రోజు ఆ చూపు నా తరఫున ఉంది. ఇప్పుడది నా మీదికి వచ్చింది.

ఆవిడ నన్ను కుళ్లుబోతు అనుకుంటే పడతాను, అది నిజమే. కానీ ఆ బంధువు పక్కన నన్ను కూర్చోబెడితే మాత్రం నేను బతకలేను.

బండి దిగాను. తిరుపతయ్యతోనే అన్నాను, కానీ అందరికీ వినబడేలా అన్నాను. "క్లచ్ బాగానే ఉంది. నాకు స్టిక్ షిఫ్ట్ రాదు. ఈ బండిలో నేను చేసింది విప్పడం ఒక్కటే. మిగతాదంతా మీ వదిన చేసింది."

అంత సిగ్గు నా జన్మలో పడలేదు. ఆవిడ పళ్లెం తెచ్చి నా చేతిలో పెట్టింది. తాళాలు తీసుకుంది. చీర కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకుని ఎక్కి కూర్చుంది. దొర్లిపోయిన నిమ్మకాయను పూజారిగారు తిరిగి పెట్టారు. బండి ఒక్క కుదుపు లేకుండా కదిలింది. నాలుగూ చితికిన చప్పుడు నాకు వినబడింది. జనం చప్పట్లు కొట్టారు. ఆగగానే అందరూ ఆవిడ కిటికీ దగ్గరికి పరుగెత్తారు. వెల్డింగ్ ఎక్కడ నేర్చుకున్నావని ఒకరు, ఏసీ ఎలా ఇరికించావని ఒకరు. నేను హారతి పళ్లెం పట్టుకుని ఒక్కణ్ణే నిలబడ్డాను. నన్ను బ్రేకుల గురించి అడిగేవాడు ఇక ఈ ఊళ్లో ఎవడూ ఉండడు.

అది చాలదన్నట్టు తిరుపతయ్య పరుగున వెళ్లి ముందు తలుపు తీసి ఆవిడ పక్క సీట్లో ఎక్కేశాడు. "వదినా, ఒక్క రౌండ్ పోదామే." నేను ఇంకా ఒక్కసారైనా ఎక్కని సీటు అది. వాడు దర్జాగా బెల్టు పెట్టుకుంటుంటే వాణ్ణి కాలర్ పట్టి లాగేద్దామనిపించింది. ఏ మొహం పెట్టుకుని లాగుతాను.

కనకదుర్గ ఇంజన్ ఆపలేదు. "తిరుపతయ్య గారూ, ఏమనుకోకండి, దిగండి" అంది. "ముందు ఆయన ఎక్కాలి."

వాడు దిగాడు. నేను పళ్లెం వాడి చేతిలో పెట్టి ఎక్కాను. పార్కింగ్ దాటి పెద్ద రోడ్డు మీదికొచ్చేదాకా ఆవిడ నా వైపు చూడలేదు. మూడో గేరు వేశాక అడిగింది.

"ఇప్పుడు చెప్పండి, క్లచ్ ఎలా ఉంది?"

"వెన్నలా ఉంది" అన్నాను. పళ్లు నూరుకుంటూనే అన్నాను. కానీ అబద్ధం కాదు.