గంజి తాగిన చీర

కుంట అంటే చెరువు కాదు, మా ఊరు. వానాకాలంలో మాత్రం ఆ తేడా చెప్పడం కష్టం. శబరి పొంగితే దోర్నపాల్ బాట మూసుకుపోయేది. పెంకుల సందుల్లోంచి నీళ్ళు కారి కుండలో ఉప్పు కరిగేది. ఏరు దాటితే తెల్లవాళ్ళ ఏలుబడి, ఇవతల బస్తరు రాజావారిది. ఇద్దరికీ పన్ను కట్టని జీవి ఒకటి మా సందుగలో రాజ్యమేలుతోందని ఆ దసరా ముందు గానీ నాకు తెలియలేదు.

సందుగ తెరిచింది అమ్మ చీర కోసం. అమ్మ పోయాక నాకు దక్కింది ఆ ఒక్క నేత చీరే. ఇటుక రంగు, నల్ల అంచు. అమ్మ దానికి ఏనాడూ గంజి పెట్టలేదు. "చీర మనల్ని పట్టుకోవాలి గానీ మనం చీరను మోయొద్దు" అనేది. కట్టీ ఉతికీ ఎంత మెత్తబడిందంటే, కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టినా నూరు చీరల్లో దాన్ని గుర్తుపట్టేదాన్ని.

ఆ రోజు చేతికి అప్పడం తగిలింది.

మడత విప్పాను. ఫెళఫెళమంది. కొన్నిచోట్ల పైపైన గీకినట్టయి, అవతలి వెలుగు కనపడేంత పలచబడింది. కొన్నిచోట్ల అంచులు వంకరటింకరగా బొక్కలు. చుట్టూ పసుపు మరకలు. మడతలోంచి వెండి రంగులో ఏదో జారి, ఈదుకుంటూ పోయినట్టు మూలకు పోయింది. వేలితో నొక్కాను. వేలికి వెండి పొడి అంటింది.

"చెదలే కోడలా," అంది అత్తమ్మ వాకిట్లోంచే.

"చెదలైతే మట్టి ఉండాలి కదా అత్తమ్మా. మట్టి లేదు."

"ఎలుకేమో."

"ఎలుక కొరుకుతుంది. ఇది నాకింది."

ఇంకోదాన్ని పట్టి దీపం దగ్గర చూశాను. బియ్యపు గింజకన్నా కాస్త పొడుగు. తల వైపు లావు, తోక వైపు సన్నం. తోకకు మూడు వెంట్రుకలు, ముందర రెండు పొడుగాటి మీసాలు. రెక్కల్లేవు. అచ్చం చేపే, నీళ్ళు ఒక్కటే తక్కువ. ఆ నీళ్ళ కొరత మా గోడల చెమ్మ తీరుస్తోంది. తిండి మేం పెడుతున్నాం. అది నాకింది బట్టను కాదు, ముందు గంజిని. బట్ట నంజుకోవడానికి.

గంజి పెట్టింది నా ఆడబిడ్డ. వైశాఖంలో భద్రాచలంలో పెళ్ళికి పోతూ ఆ చీర అడిగితే ఇచ్చాను. తిరిగి వచ్చాక తనే ఉతికి, సందుగలో పెట్టి, "నీ చీర జాగ్రత్తగా పెట్టిన వదినె" అంది. నేను పొయ్యి ముందు ఉన్నాను, సరేనన్నాను. మా అత్తింట్లో ఎరువు తెచ్చుకున్న బట్టను గంజి పెట్టకుండా తిరిగిస్తే మర్యాద కాదు. ఆ మర్యాదే మా అమ్మ చీరను మింగింది.

నాకు కోపం వస్తే మాటలు రావు, ఏడుపు వస్తుంది. దాంతో అందరూ నేను బాధపడుతున్నానని పొరబడి ఓదారుస్తారు. ఆడబిడ్డ కూడా అదే చేసింది.

"పమిట మంచిగనే ఉంది కదా వదినె."

"ఉంది. కట్టుకునే ఒళ్ళు కూడా పమిటంతే ఉంటే సరిపోయేది."

మా ఆయన దుకాణం నుంచి అన్నానికి వచ్చి సంగతి విని నవ్వాడు. "గంజి తాగేవాడికి మీసాలెత్తేవాడొకడు కావాలంటరు. దానికి నువ్వు దొరికినవా?"

అంతే, ఇక మీనమేషాలు లెక్కపెట్టలేదు. ఇంట్లో ఉన్న ప్రతి సందుగా వాకిట్లోకి ఈడ్చాను. అడుగున పరిచిన పాత కాగితాలు పీకి పొయ్యిలో పెట్టాను. మూలమూలా తుడిచి, సందుగల్ని రోజంతా ఎండకు బోర్లించాను. మళ్ళీ లోపల పెట్టేటప్పుడు గోడకు ఆనకుండా ఇటుకల మీద నిలబెట్టి, ఎండిన వేపాకు వేశాను. ఇంట్లో ఉన్న గంజి బట్టలన్నీ, మా ఆయన పంచెలతో సహా, తొట్లో ముంచాను. ఇకమీద గంజి పెడితే కట్టుకునే రోజు పెట్టుకోండి, దాచే బట్టకు పెట్టొద్దన్నాను.

అత్తమ్మ గడపలో నిలబడింది. "గంజి లేకుండ దుకాణం గద్దె మీద కూర్చుంటే, మనకూ సంతకొచ్చేటోళ్ళకూ తేడా ఏందే?"

అప్పటిదాకా పురుగు మీదున్న కోపం దారి మళ్ళింది. అడవిలోంచి సంతకొచ్చేవాళ్ళు తెచ్చే చింతపండూ ఇప్పపువ్వే మాకు అన్నం. వాళ్ళకూ మాకూ మధ్య గోడ ఈ గంజేనా?

"ఏం తేడా లేదత్తమ్మా. ఉన్న కొంచెం తేడా పురుగు తిన్నది," అన్నాను. ఆమె నాతో పండగ దాకా మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దం కూడా గంజి పెట్టినట్టే ఉండేది.

పండగ ముందు రోజు ఆడబిడ్డ తన మంచి చీర తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. బదులుగానట. పెళపెళలాడుతోంది. దానికీ గంజి. నేను లేచి, ఆమె చూస్తుండగానే తొట్లో ముంచాను. బయటికి తీశాక ఆమె రెండో కొస పట్టుకుంది. నేను ఇటు, ఆమె అటు తిప్పి పిండాం. నీళ్ళు తెల్లగా కారాయి. ఎంత గట్టిగా పిండానంటే ఆమె ఒక అడుగు ముందుకు తూలింది.

"గంజి పెట్టకుండ ఇస్తే నువ్వేమనుకుంటవోనని పెట్టిన వదినె," అంది.

ఆమె లోపలికి పోయి అమ్మ చీర తెచ్చింది. దాన్ని తడపడానికి నాకు అప్పటిదాకా చెయ్యి రాలేదు.

"దీన్ని గూడ పిండాల్నా?"

"పిండితే చిరుగుతుంది. జాడించు, చాలు."

వంగి నెమ్మదిగా జాడించింది, మూడు నీళ్ళు మార్చి. దండెం మీద వేస్తే బొక్కల్లోంచి ఎండ నేల మీద పడింది. సాయంత్రం దండెం మీంచి ఆ పమిట తీసి చెంపకు ఆనించుకున్నాను. మెత్తబడింది. నేను మెత్తబడటానికి మాత్రం ఇంకో వానాకాలం పట్టింది.