పాట చివర ఒక 'కు'

డ్రై క్లీనింగ్ దుకాణంలో ఆమెను అందరూ రేడియో అంటారు. ఆవిరి ఇస్త్రీ పెట్టె బుస్సుమంటున్నా, పక్కన ఉతికే యంత్రం గడగడలాడుతున్నా ఆమె గొంతులో ఏదో ఒక పాట సన్నగా నడుస్తూనే ఉంటుంది. ఏదో ఒకటేమిటి, అన్నీ ఒకే రాక్ బృందం పాటలు. పెళ్ళికి ముందు పక్కింటి అన్నయ్య రికార్డు చేసి ఇచ్చిన క్యాసెట్‌తో పట్టుకున్న పిచ్చి అది. పిల్లలు పుట్టి, పెరిగి, హాస్టళ్ళకు వెళ్ళిపోయినా వదల్లేదు. కోటు కాలరు మీద పెట్టె నొక్కుతూ గిటారు వాయించాల్సిన చోట గిటారు కూడా నోటితోనే వాయించేస్తుంది. యజమాని మొదట్లో విసుక్కున్నాడు గాని, ఇప్పుడు ఆమె సెలవు పెడితే కొట్టు బోసిపోయిందంటాడు.

ఆమె భర్త లిఫ్ట్ మెకానిక్. మాట తక్కువ మనిషి. ఇంట్లో ఆయన గొంతు వినబడిందంటే ఏదో చెడిపోయిందన్నమాట. అలాంటివాడు పోయిన వారం భోజనం చేస్తూ, కంచంలోంచి తల ఎత్తకుండా చెప్పాడు.

"మా కంపెనీవాళ్ళు వేరే ఊళ్ళో బ్రాంచి పెడుతున్నారు. రెండేళ్ళు అక్కడుండి చూసుకోమంటున్నారు. సోమవారానికల్లా చెప్పాలి."

ఆమె వడ్డిస్తున్న గరిటె ఆపింది. పిల్లలు లేని ఇల్లు, ఇప్పుడు ఈయన కూడా లేకుండానా? నోరు తెరిచింది. తీరా వచ్చిన మాట, "మీ ఇష్టం."

పెళ్ళాం నోట ఆ మాట వస్తే అర్థం ఏమిటో తెలియని మొగుళ్ళు ఉంటారని ఆమె అనుకోలేదు. ఉంటారు. ఈయన తలూపి, చెయ్యి కడుక్కుని, టీవీ ముందు కూర్చున్నాడు.

వద్దని అడగడం ఆమెకు మొదటినుంచీ చేతకాదు. అడిగితే చులకనైపోతానేమోనని భయం. అందుకే ఇన్నేళ్ళ కాపురంలో ఆయన అలిగి చెప్పులు వేసుకున్నప్పుడల్లా ఆమె చేసిన పని ఒక్కటే, వంటింట్లో నిలబడి ఆ బృందం పాట ఎత్తుకోవడం. 'తలుపు తీసే ఉంది, వెళ్ళిపోకు.' ఆయన కాసేపు గుమ్మంలో తచ్చాడి, చెప్పులు విప్పి లోపలికి వచ్చేసేవాడు. పాట పనిచేస్తుందని ఆమెకు గట్టి నమ్మకం. ఈ వారం కూడా గొంతు బొంగురుపోయేలా పాడింది. ఆయన మాత్రం అటక మీంచి సూట్‌కేసు దించి, దుమ్ము దులిపి, చక్రాలకు నూనె వేశాడు.

సరిగ్గా అప్పుడే ఆ బృందం పాడడం మానేస్తోందని తెలిసింది. డ్రమ్స్ వాయించే మనిషి మణికట్లు పాడైపోయాయట. అతను లేనిదే మేము లేమన్నారట మిగతావాళ్ళు. ఆదివారం సాయంత్రమే చివరి ప్రదర్శన. ఆమె వాళ్ళను ఒక్కసారైనా ఎదురుగా చూడలేదు. ఏడుపొచ్చింది, ఏడ్చింది, రెండు టికెట్లు కొంది. నా గొంతుతో కాకపోతే వాళ్ళ గొంతుతోనే చెప్పిస్తాను, అప్పుడెలా కదులుతారో చూస్తాను అనుకుంది.

మైదానంలో ఇంకా ఎండ ఉంది. నల్ల టీ షర్టుల మధ్య ఆయన ఒక్కడే ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కాలో, పెళ్ళిచూపులకు వచ్చినట్టు నిలబడ్డాడు. పక్కన బుగ్గలకు రంగులు పూసుకున్న ఒక కాలేజీ పిల్ల ఉంది. మొదటి పాటకే ఆమె, ఆ పిల్ల చేతులు పట్టుకుని గెంతారు. ఆయన వాళ్ళిద్దరి చేతిసంచులూ మోస్తూ, దీపాలు వేలాడదీసిన ఇనుప స్తంభాలకు బోల్టులు సరిగ్గా బిగించారా లేదా అని చూస్తూ గడిపాడు.

చివరికి ఆ పాట వచ్చింది. డ్రమ్మర్ కర్రలు కింద పెట్టి, కట్లు కట్టిన చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. గిటారు ఒక్కటే మెల్లగా మొదలైంది. ఆమె భర్త చెయ్యి గట్టిగా పట్టుకుంది. గాయకుడు మైకు జనం వైపు తిప్పాడు. మైదానమంతా ఒక్క గొంతుతో పాడింది.

'తలుపు తీసే ఉంది, వెళ్ళిపో.'

ఆ తర్వాత వచ్చిన నిశ్శబ్దంలో ఆమె గొంతు ఒక్కటే, ఖంగుమని, "కు" అంది.

ముందు వరుసలో వాళ్ళు వెనక్కి తిరిగారు. కాలేజీ పిల్ల ఆమె చెవి దగ్గరకు వంగింది.

"'కు' లేదాంటీ. వెళ్ళిపో, అంతే."

"ఎందుకు లేదమ్మా? వెళ్ళిపోకు కదా."

"ఛ, అది పొమ్మనే పాటాంటీ. నా బ్రేకప్ అప్పుడు నెలంతా ఇదే పెట్టుకున్నా."

ఆమెకు బుర్ర గిర్రున తిరిగింది. ఇంతమందీ తప్పు పాడుతున్నారా? లేక గాయకుడు ఈ ఒక్క రోజుకీ మాట మార్చాడా? తను విన్న క్యాసెట్ ఇదేనా, వేరేదా? మళ్ళీ ఆ చరణం వచ్చింది. ఊపిరి బిగబట్టి వింది. వెళ్ళిపో, అన్నారు జనం. ఈసారి డ్రమ్మర్ కాలు అలవాటు కొద్దీ పెద్ద డ్రమ్ము పెడల్ మీద పడింది. కుమ్మని ఒక దెబ్బ. వెళ్ళిపో, కుమ్. అదీ సంగతి. ఆ అరిగిపోయిన క్యాసెట్‌లో ఆమెకు వినబడిన అక్షరం గాయకుడి నోట్లోంచి రాలేదు, ఆ మనిషి కాలి కింది నుంచి వచ్చింది.

ఆమె భర్త చెయ్యి వదిలేసింది.

"ఏమండీ, ఇందులో ఏమంటున్నారు?"

"వెళ్ళిపో అని. ఇంట్లో నువ్వు పాడేదే కదా."

"మీకు మొదటినుంచీ అలాగే వినబడిందా?"

"ఉన్నదే కదా వినబడేది. ఆ చివరి 'కు' నువ్వు గిటారులాగే నోటితో వాయించే డ్రమ్మనుకున్నా."

నవ్వాలో ఏడవాలో ఆమెకు తెలియలేదు. ప్రతి గొడవకూ వంటింట్లోంచి తను ఈయనకు పంపిన కబురు ఇదా?

"మరి నేను పొమ్మంటూ ఉంటే ఎందుకు పోలేదు?"

ఆయన సంచులు ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు.

"నన్ను నువ్వెప్పుడూ మీరు అనే అంటావు. పాటలోనేమో నువ్వు. నన్ను కాదేమోలే, ఎవర్నో అంటోంది అనుకునేవాణ్ణి. మొన్న మాత్రం 'మీ ఇష్టం' అన్నావు. అది నన్నే కదా."

పాట అయిపోయింది. వేదిక మీద నలుగురూ ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని వంగి నమస్కరిస్తున్నారు. మైదానం హోరెత్తుతోంది. ఆమెకు తెలిసిన ఆ బృందం పాటల్లో ఎక్కడ వెతికినా 'మీరు' అన్న మాట లేదు. గొంతు సవరించుకుంది.

"వెళ్ళకండి."

"ఏంటీ?"

"వెళ్ళకండి అంటున్నా."

ఆయన అటూ ఇటూ చూశాడు.

"నన్నేనా?"

"మిమ్మల్నే. ఇంకెవర్ని? మీరు లేకుండా నేను ఉండలేను."

ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. ఒక సంచి జారిపోతే పట్టుకున్నాడు.

"సరే, రేపు వాళ్ళకు రానని చెప్తా," అన్నాడు. తర్వాత, ఏదో లెక్క తేలనట్టు, "ఈ మాట నాతో నువ్వెప్పుడూ అనలేదు," అన్నాడు.

ఎప్పటినుంచో అంటూనే ఉన్నానండీ అనబోయింది ఆమె. అనడానికి నోరు కూడా తెరిచింది.

"అవును, అనలేదు," అంది.