చెరువుకు పెట్టిన కాపలా

క్యాథరిన్ కోడ్ రాయడం తనంతట తానే నేర్చుకుంది. గణపవరంలో ఇంటి వరండాలో ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటుంది. కోడ్ మొండికేస్తే, "ఏవండీ, మీకొచ్చిన కష్టమేమిటండీ?" అని దాన్నే బుజ్జగిస్తుంది. బాబాయి ఏసోబు చేపల చెరువు కోసం ఆమె రాసిన యాప్, నీళ్ళలో ఆక్సిజన్ తగ్గితే అలారం మోగించాలి. మొదటిరోజు తెల్లవారుజామున బాబాయి యాప్ తెరిస్తే అది కిక్కురుమనలేదు. ఆయన గట్టెక్కి చూసి వెంటనే ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయే! నీ అలారం ఇంకా మంచం దిగలేదా?"

"ముందు నీళ్ళు చిలికి గాలి కలిపే ఆ ఏరేటర్లు వేయండి బాబాయ్, తిట్లు తర్వాత!"

చేపలు కిందికి దిగాయని విన్నాకే ఆమె కోడ్ తెరిచింది. ఆక్సిజన్ అంకె మారినప్పుడల్లా చూడమని అందులో ఇదివరకే ఒక కాపలా పెట్టింది. అయితే యాప్ తెరవగానే తన లోపల చెరువు నమూనాను తయారుచేస్తూ వేసే మొట్టమొదటి అంకెను ఆ కాపలా పట్టించుకోదు. ఆ తర్వాత మారేవాటినే చూస్తుంది. ఆ ఉదయం మొదటి అంకే అడుగంటి ఉంది. ఆ నమూనా తయారు కాగానే ఒకసారి చూడమని కోడ్‌లో ఒక్క లైను చేర్చి, పరీక్షకని తక్కువ అంకెతో యాప్ మళ్ళీ తెరిచింది. ఫోన్ గొల్లుమంది. తిట్టడానికొచ్చి టీ తాగుతున్న బాబాయి ఉలిక్కిపడ్డాడు.

"మళ్ళీ ఏమైందే?"

"ఏం కాలేదండీ బాబాయ్. ఈసారి పుడుతూనే ఏడ్చింది."