నాన్న బ్లేడుతో గీకేసిన అమ్మ దారి

ఒమాన్‌లోని ఘుబ్రాలో మా చిన్నప్పుడు... వంటగది కిటికీ తెరిస్తే ఎదురుగా పెద్ద ఖాళీ జాగా. ఇసుక, గులకరాళ్లు, రెండు తుమ్మచెట్లు, అప్పుడప్పుడూ నాలుగు మేకలు. దానికి అవతల తెల్లటి ఇళ్ల వరుస. అందులో నీలం గేటున్నది అమీనా ఆంటీ వాళ్లిల్లు.

ఎండ కాస్త వాలగానే అమ్మ చిన్న గంజులో ఏదో ఒకటి సర్దుకుని, మూత పెట్టి, కొంగు తలమీదకు లాక్కుని ఆ జాగాలోకి దిగేది. వెనకాలే నేను. రోజూ నడిచీ నడిచీ అక్కడ సన్నటి బాట పడిపోయింది. సరిగ్గా ఐదు నిమిషాల నడక...

మాది జగిత్యాల వైపు, ఆంటీది కడప. ఒకరి మాట ఒకరికి నవ్వులాట. గేటు తోసుకుని లోపలికి పోతే ఆంటీ బియ్యం ఏరుతూనే, "రాక్కా... ఈ పొద్దు ఇంత ఆలస్యమాయనే!" అనేది. లేచి ఎదురొచ్చేది కాదు, కుర్చీ చూపించేది కాదు. అమ్మ కూడా పక్కనే చతికిలబడి చేటలో చెయ్యి పెట్టేసేది. నాన్న డ్యూటీకి పోయాక ఆ ఊళ్లో అమ్మకు మాట్లాడటానికి ఉన్న ఒకే ఒక్క మనిషి ఆవిడ.

మా పై ఫ్లాటులో ఇవాన్ అంకుల్ ఉండేవారు. బల్గేరియా ఆయన. నాన్న పనిచేసే కంపెనీలోనే, ఊళ్లకు ప్లాన్లు వేసే ఇంజినీరు. నాన్న అక్కడ ఆ ప్లాన్లను షీట్ల మీద గీసే డ్రాఫ్ట్స్‌మన్. ఈ అంకుల్ ఎక్కడికెళ్లినా నేలకేసి చూస్తూ నడిచేవారు. ఏదో పారేసుకున్నారేమోనని పాపం నేనూ వెతికేదాన్ని! చివరికి ఉండబట్టలేక అడిగేశాను.

"మనుషులు ఎటు నడిచారో చూస్తున్నాను" అన్నారు.

అదేం పని అనుకున్నాను... తొమ్మిదేళ్ల నాకు అంతకన్నా వింత సంగతి దొరకలేదు. ఇక ఆయన్ని వదిల్తేగా!

వాళ్ల ఊళ్లో ఇళ్లన్నీ సర్కారే కట్టిందట. అన్నీ ఒకే రకం, ఒకే ఎత్తు. తాగొచ్చినవాళ్లు పక్క బిల్డింగుకు వెళ్లి తలుపు కొట్టేవాళ్లట. ఇళ్ల మధ్య జాగా అంతా అందరిదీ. ఆ సర్కారు పోయాక, అందరిదీ అన్నది ఎవరిదీ కాకుండా పోయింది. ఒకరు కారు షెడ్డు వేశారు, ఇంకొకరు కొట్టు పెట్టారు, మరొకరు కంచె కట్టారు. వాళ్లమ్మ రొట్టెల దుకాణానికి పోయే అడ్డదారి అలాగే మూసుకుపోయిందట. అది ఏ కాగితంలోనూ లేదు కాబట్టి, పోయిందని ఎవరికీ తెలియలేదు.

ఒక శుక్రవారం ఆయన మా ఇంటికి చాయ్‌కి వచ్చారు. నాన్న తను గీసిన షీటు నకలు బల్ల మీద పరిచాడు. మా ఎదురు జాగాలో రాబోయే పెద్ద రోడ్డు ప్లాన్ అది. నాన్న చేతిపని చూసి తీరాలి... ఒక్క మరక ఉండదు. నేను మా ఇంటి మీద ఒక వేలు, నీలం గేటు మీద ఒక వేలు పెట్టాను. మధ్యలో కొత్త రోడ్డు గీతలు తప్ప ఏమీ లేదు. మిగతాదంతా తెల్లగా ఉంది.

"అమ్మ దారేది నాన్నా?"

అంకుల్ గబగబా పైకి వెళ్లి, విమానం నుంచి తీసిన ఫొటో పట్టుకొచ్చారు. అందులో ఉంది! సన్నగా, వంకరగా, మా ఇంటి నుంచి నీలం గేటు దాకా... పైనుంచి చూస్తే కూడా కనిపించేంతగా నడిచిందా మా అమ్మ అని నాకు ఒళ్లు పులకరించింది.

నాన్న మొహం మాత్రం పాలిపోయింది. "పాత షీటు మీద ఉండె గీ గీత... మరక అనుకొని నేనే బ్లేడు పెట్టి గీకేసిన" అన్నాడు.

అమ్మ చాయ్ కప్పులు పట్టుకుని నిలబడిపోయింది. "మరకేంది? నేను రోజు నడిశే తొవ్వ గది!" అంది.

శనివారం పొద్దున్నే నాన్న ఆఫీసుకు పోయి ఆ దారిని మళ్లీ గీశాడు. రోడ్డు మధ్యలో వేయబోయే కంచెలో, మనుషులు దాటేలా చిన్న సందు పెట్టాలని అంకుల్ ఉత్తరం కూడా రాశారు. కానీ అప్పటికే నకళ్లు వెళ్లిపోయాయి. సైట్‌కు చేరింది నాన్న గీకేసిన షీటే, మచ్చలేనిదే. ఏడాది తిరిగేసరికి రోడ్డు వచ్చింది... మధ్యలో ఇనుప కంచె, ఎక్కడా సందు లేకుండా. అమ్మ కిటికీ దగ్గర నిలబడితే నీలం గేటు కనిపిస్తూనే ఉండేది.

నాన్న చాలా బాధపడ్డాడు. ఆ బాధతోనే కాబోలు, అమ్మను పట్టుబట్టి డ్రైవింగ్‌కి పంపాడు. ఒమాన్‌లో లైసెన్స్ అంటే మాటలా! డ్రమ్ముల మధ్య నుంచి వెనక్కి పోనివ్వాలి, ఒక్కటి తగిలిందా ఇంటికే. అమ్మ రెండుసార్లు తగిలించింది, మూడోసారి గట్టెక్కింది. మేం మిఠాయిలు పంచాం.

కారులో అమీనా ఆంటీ ఇంటికి పోవాలంటే దూరపు రౌండబౌట్ దాకా వెళ్లి తిరిగి రావాలి. అంత దూరం పోతున్నాం కదా, ఆంటీ ఇంట్లో ఉందో లేదోనని అమ్మ ముందు ఫోన్ చేసేది. ఫోన్ వచ్చింది కదా అని ఆంటీ ఇల్లు సర్దేది, మంచి చీర కట్టేది, నాలుగు రకాలు వండేది. అంత శ్రమ ఎందుకు పెట్టాలని అమ్మ వారానికోసారి, తర్వాత నెలకోసారి...

చివరిసారి వెళ్లినప్పుడు ఆంటీ గేటు దగ్గరే నిలబడి ఉంది. "రాండక్కా, కూచోండి" అని కుర్చీ వేసింది. అమ్మ కూర్చుంది. తిరిగొచ్చేటప్పుడు దారంతా ఏడుస్తూనే కారు నడిపింది. ఎందుకో నాకప్పుడు అర్థం కాలేదు.

ఇప్పుడు నేను ఒమాన్‌లోనే, సీబ్ అనే ఊళ్లో ఉంటున్నాను. రోడ్లు అద్దంలా ఉంటాయి, అబద్ధమెందుకు. ఎవరింటికి వెళ్లాలన్నా ముందు మెసేజ్, తర్వాత లొకేషన్.

మీలో ఎంతమందికి ఉంది చెప్పండి... చెప్పాపెట్టకుండా వెళ్లినా, ఎవరూ లేచి కుర్చీ వేయని ఇల్లు?