గృహప్రవేశం ఫొటోల్లో మా నాన్న

ఆదివారం మా నాన్న పెద్దకర్మ. పటం కట్టించడానికి ఆయన ఫొటో లేదు, అందుకే ఇది రాస్తున్నాను. నా ఫోన్ నిండా ఆయన తీయమన్న గోడల ఫొటోలే ఉన్నాయి. ఆధార్ కార్డులో ముఖాన్ని అమ్మ కూడా గుర్తుపట్టలేదు.

వినుకొండ బళ్లో నాతో చదివినవాళ్లకు ఆయన గుర్తుండే ఉంటారు. మీ ఇళ్లు కట్టింది, వంటగది గట్లు మార్చింది, కారే శ్లాబులు బాగుచేసింది ఆయనే. పొద్దున ఆయన సంచి తెరిస్తే, నీళ్లు పోసి మట్టం చూసే గొట్టం బయటపడింది. ఇంకా సిమెంటు వాసనే. సెలవుల్లో దాని ఒక కొస నేను పట్టుకునేదాన్ని.

"కదపమాకే. నీళ్లు నిలబడ్డాయా?"

"నువ్వే కదుపుతున్నావు నాన్నా!"

"అట్టాగా మేస్త్రీ గారూ? తప్పయింది!"

పని పూర్తయి పాలు పొంగించిన రోజు, మీ పెద్దవాళ్లు ఆయనకు కొత్త బట్టలు పెట్టి ఫొటోకి పిలిచేవారు. "నేను కట్టిన గోడ వచ్చిద్దిగా అండీ ఫొటోలో, చాల్లెండి" అంటూ నాన్న పక్కకు తప్పుకునేవారు. నేనూ నవ్వేదాన్ని. ఒక్కసారైనా చెయ్యి పట్టుకుని నిలబెట్టలేదు.

మీ పాత ఆల్బమ్‌లు తిరగేయండి. వెనకెక్కడో సగం ముఖం కనిపించినా చాలు. శుక్రవారం సాయంత్రంలోగా చెప్పండి. లేకపోతే లేదనే రాయండి, ఇక వెతకడం మానేస్తాను.