మామ గుడ్డలోంచి రాలిన లాకు

మా మేనమామ పోయాడని మొన్న రాయచోటి నుంచి ఫోను వచ్చింది. అప్పుడు నేను సౌదీలో, తబూక్‌లో, మా కఫీల్ కారు కడుగుతున్నాను. కఫీల్ అంటే మాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని. పైపు కట్టెయ్యడం మర్చిపోయాను, నీళ్లు కాళ్ల మీదుగా పోతూనే ఉన్నాయి. నేను ఎవరికీ భయపడే మనిషిని కాదు. ఇక్కడి మనవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. కానీ అప్పుడు భయమేసింది. ఇకమీదట ఏదైనా తప్పు జరిగితే ఎవరి దగ్గరికి పోవాలి?

నాకు చదువు అంతంత మాత్రం. పొగడటం అసలు రాదు. చూసింది రాస్తున్నాను.

మామ ఇంజన్ మెకానిక్. నన్ను ఈ దేశానికి తెచ్చింది ఆయనే. ఇంజన్ స్టార్టు చేసి, పొడవాటి స్క్రూడ్రైవర్ మొన దానికి ఆనించి, పిడి చెవికి పెట్టుకునేవాడు. రెండో చెయ్యి పైకెత్తేవాడు. అంటే ఎవరూ నోరు తెరవకూడదు. కఫీల్ వచ్చినా అంతే. విప్పి బిగించిన బండి ఏదైనా మొదట తానే ఎక్కి తిరిగేవాడు. "మనం ఎక్కంది ఇంకొకర్ని ఎక్కమనకూడదురా" అనేవాడు.

కొన్నేళ్ల కిందట అత్తకు చూపు తగ్గుతోందని తెలిసి, మామ అన్నీ వదిలేసి ఊరికి పోదామనుకున్నాడు. పాస్‌పోర్టు కఫీల్ దగ్గరుంది. ఆయన సంతకం పెడితేనే ఖురూజ్, అంటే దేశం వదిలే కాగితం. కఫీల్‌కు వాళ్ల నాయన వాడిన పాత పికప్పు అంటే ప్రాణం. "శుక్రవారం పిల్లల్ని దీంట్లో ఎడారికి తీసుకుపోవాలి. బాగుచేసి నడిపించు, సంతకం పెడతా" అన్నాడు.

నేనూ మామా ఇంజన్ మొత్తం విప్పి, కొత్త పిస్టన్లు వేసి బిగించాం. గురువారం పొద్దున ఎక్కి, రోడ్డు దిగి ఇసుకలోకి పోయాం. బాగా లాగింది. నేను పాట కూడా అందుకున్నాను. ఒకచోట ఆపి, చెమట తుడుచుకోవడానికి మామ జేబులోంచి, ఇంజన్ బిగించేటప్పుడు వాడిన గుడ్డే తీశాడు. అందులోంచి ఏదో ఇసుకలో రాలింది.

లాకు. పిస్టన్ పిన్ను పక్కకు జరగకుండా పట్టి ఉంచే సన్న తీగ రింగు. కొత్తది. ప్యాకెట్లో ఎన్ని కావాలో అన్నే వస్తాయి. అంటే లోపల ఒకటి లేదు. పిన్ను జరిగితే ఇంజన్ నడి ఎడారిలో పట్టేస్తుంది.

కంటికి ఆనినంత మేర మనిషి జాడ లేదు.

"ఎవరు మర్చినాం మామా?"

"అది అడగొద్దు. ఆఖర్న చూడాల్సింది నేను. తాళం ఇట్లియ్యి. ఇంక స్టార్టు చేసేది లేదు."

"ఆయనకు చెప్పొద్దు మామా. బాగానే నడస్తాంది కదా. కాగితం చేతికొచ్చినాక చూసుకుందాం."

"నీ బిడ్డల్ని ఎక్కిస్తావారా దీంట్లో?"

తాళం తీసి ఆయన చేతిలో పెట్టాను.

"నాకూ భయంగానే ఉండాది లే. రా, నీడకు కూచో" అన్నాడు. ఆయన నోట భయమనే మాట నేను విన్నది అదే మొదటిసారి.

పొలాల వైపు పోయే లారీ ఒకటి వచ్చి తాడు కట్టి లాగేదాకా పికప్పు నీడలోనే కూర్చున్నాం. కఫీల్ ముందు మామ లాకును అరచేతిలో పెట్టుకుని, వచ్చీరాని అరబ్బీలో జరిగిందంతా చెప్పాడు. కఫీల్ అరిచిన అరుపుకు నేను గోడకు అతుక్కుపోయాను.

"సంతకం లేదు! నీకు ఊరూ లేదు, పో!"

మళ్లీ విప్పాం. ఒక పిన్ను జరిగి సిలిండర్ గోడను గీకింది. మామ కఫీల్‌ను పిలిచి చూపించాడు. ఆయన ఆ గీత మీద పెట్టిన వేలు చాలాసేపు తియ్యలేదు. బయట ఆయన పిల్లలు కేకలు పెడుతూ ఆడుకుంటున్నారు.

సిలిండర్ బాగుచేయించి బిగించేసరికి రంజాన్ వచ్చింది. అన్నాళ్లూ మామ ఫోనులో అత్తకు "వస్తాండా, వస్తాండా" అని చెప్పి, పెట్టేశాక నా వైపు చూసేవాడు కాదు. నాకేమో రాత్రి నిద్ర పట్టేది కాదు. పండగ తర్వాత, మొదటిసారి తిప్పడానికి మామ ఎక్కితే, కఫీల్ వచ్చి పక్కన కూర్చున్నాడు. తిరిగొచ్చి సంతకం పెట్టాడు.

మామ ఊరికి చేరేసరికి అత్తకు ఆయన ముఖం కనిపించిందట, మసకగా.

ఆ పికప్పు ఇంకా నడుస్తోంది. నిన్న స్టార్టు చేశాను. మామ వదిలిపోయిన స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాను. ఏం వినాలో నాకు సరిగా తెలియదు. రెండో చెయ్యి దానంతటదే పైకి లేచింది. షెడ్డులో ఉన్నవాళ్లంతా మాట ఆపేశారు.