అమ్మ కంటి అంచు

సున్నం మాట ఎత్తితే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. బెల్లం వండేటప్పుడు చెరకు రసం విరిగి తేటపడడానికి పెనంలో సున్నపు నీళ్లు పోస్తారు. ఆ ఏడు మా గానుగ దగ్గర అన్న డబ్బాలో సున్నపు రాళ్లు నానేస్తుంటే, అది కుతకుత ఉడికి మొహం మీదికి చిమ్మింది. రెండు కళ్లలోనూ పడింది.

అన్న తొట్టి కోసం తడుముకుంటూ "నీళ్లు, నీళ్లు" అంటున్నాడు. అమ్మ అడ్డం పడి చేతులు పట్టుకుంది. "నీళ్లు తగిలితే ఇంకా ఉడుకుతాది నాయనా, వద్దు" అని కళ్లలో ఆముదం పోసింది. సున్నం మీద నీళ్లు పడితే ఏమవుతుందో అప్పుడే అందరం చూశాం కదా, ఆమెను ఎవరమూ ఆపలేదు. చిత్తూరు ఆసుపత్రిలో కడిగేసరికే కళ్లు తెల్లబడిపోయాయి.

నెలలు గడిచేకొద్దీ నల్లగుడ్ల మీద ఎర్రటి పొర పాకింది. మద్రాసులో ఒక కంటి ఆసుపత్రికి తీసుకుపోయాం. నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలు కాలిపోయాయన్నాడు డాక్టరు. అవి ఉంటేనే కంటి పైపొర ఎప్పటికప్పుడు కొత్తగా పుడుతుందట. ఒక కన్ను బాగుంటే దాన్నుంచే తీసి రెండోదానికి నాటేవాళ్లట. అన్నకు రెండూ పోయాయి కాబట్టి అయినవాళ్లు ఎవరైనా ఇవ్వాలి. అప్పట్లో అది కొత్త వైద్యం.

"పడిన వెంటనే ధారగా నీళ్లతో కడిగుంటే ఇంత కాలేది కాదే, కడిగారా?" అని అడిగాడాయన.

అమ్మ నోరు తెరిచేలోపే అన్న అందుకున్నాడు. "కడిగినారు సార్. మాయమ్మే కడిగింది."

అమ్మ తలెత్తలేదు. నేనిస్తానన్నా వినకుండా తన కంటి అంచే ఇచ్చింది.

నాటిన తర్వాత కొన్ని వారాలు మాకు పండగే. అన్న అమ్మ ముక్కుపుడక చూశాడు. నా జడ వంకరగా ఉండాదని ఎగతాళి చేశాడు. ఎంత సంబరపడ్డానో! తర్వాత కన్ను ఎర్రబడింది. మందులు మింగుతూనే ఉన్నాడు, పొర పాకుతూనే ఉంది. రోజూ పొద్దున్నే వాకిట్లో అతని ముందు నిలబడి చెయ్యి ఊపేదాన్ని. ఒకరోజు "యాడ ఊపతా ఉండావు?" అన్నాడు.

మళ్లీ మద్రాసు పోయాం. వేరేవాళ్ల కణాలను అతని ఒళ్లు ఒప్పుకోవడం లేదన్నాడు డాక్టరు. అమ్మ తన రెండో కన్ను చూపించింది.

"దీంట్లోంచి తీయండి సార్."

"తీసినా నిలవదమ్మా."

అమ్మ కుర్చీలోంచి లేవలేదు. "నిలవకుంటే పోనీ సార్, తీసేయండి. నాకెందుకు ఇది?" అంది.